అక్కా, ఒక మాట: ఉర్దూ రాని నన్ను రానిస్తారా?

ప్రశ్న: అక్కా, మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. దూదేకులోళ్ళం. కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా కాలేజీలో ముస్లిం విద్యార్థుల సంఘం ఒకటుంది. నవంబర్లో ఉర్దూ దినోత్సవం, మౌలానా ఆజాద్ జయంతి చేస్తారంట, ఆ తర్వాత రంజాన్‌లో ఇఫ్తార్. వాలంటీర్లు కావాలని బోర్డులో పెట్టినారు. పేరిద్దామని పోతే లోపల అందరూ ఉర్దూలో మాట్లాడుకుంటున్నారు. గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసినా. మా ఇంట్లో తెలుగే. రూమ్మేట్ ఒకామె "ఉర్దూ రాకుండా నువ్వేం ముసల్మానువే" అని నవ్వింది. నాన్నేమో "సంఘాలూ గింఘాలూ ఎందుకు, చదువుకో" అంటాడు. చేరమంటారా?
పేరు వద్దు, కర్నూలు

జవాబు: చేరు. ఆ గుమ్మం నాకు బాగా తెలుసమ్మా. మా పుట్టింట్లోనూ తెలుగే. పెళ్ళయి కర్నూలు పాతబస్తీకి వచ్చిన కొత్తలో ఆడవాళ్ళ ఇఫ్తార్‌కు తీసుకుపోయినారు. అందరూ నవ్విన చోటల్లా నేనూ నవ్వినా, ఎందుకో తెలీకుండానే. కాసేపటికి ఒక పెద్దామె ఖర్జూరాల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "తలా మూడు. లెక్క తప్పొద్దు" అంది, తెలుగులోనే. వరస చివరిదాకా పంచి వచ్చేసరికి సగం మంది పేర్లు నోటికొచ్చినాయి. నా ఉర్దూ ఈరోజుకీ అంతంత మాత్రమే, ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ.

కాబట్టి మాట్లాడే పని కాకుండా చేసే పని అడుగు. ఇఫ్తార్ అంటే బయటివాళ్ళకు కనిపించేది పండ్ల ప్లేటే. లోపల పని వేరే ఉంటుంది. అసర్ (సాయంత్రం) నమాజు వేళకు గంజి దించాలి. నూక, పెసరపప్పు, మెంతులు, వెల్లుల్లి వేసిన గంజిని కాస్త ఏమరితే అడుగంటుతుంది, ఆ వాసన గిన్నె మొత్తానికీ పడుతుంది. కలిపే మనిషి ఫోన్ పట్టుకోకూడదు. దస్తర్‌ఖాన్ (భోజనానికి కింద పరిచే గుడ్డ) పరిచి, ప్లేట్లు సర్ది, అజాన్‌కు అయిదు నిమిషాల ముందే వడ్డించేవాళ్ళు కూడా కూర్చోవాలి. వాళ్ళదీ ఉపవాసమే కదా! ఇది మర్చిపోయే సంఘాలను చాలా చూసినా.

నవంబర్ సంగతి. 9న ఉర్దూ కవి ఇక్బాల్ జయంతి, దాన్నే ఉర్దూ దినోత్సవంగా చేస్తారు. 11న ఆజాద్ జయంతి. ఆయన మన దేశానికి మొదటి విద్యామంత్రి, 2008 నుంచి ఆ రోజును జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు. కర్నూల్లో ఈ రెండు రోజులకూ ఒక బరువుంది. డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టిన ఊరు ఇది, ఆయన పేరుతోనే ఉర్దూ యూనివర్సిటీ కూడా ఇక్కడుంది. ముషాయిరా, అంటే ఉర్దూ కవి సమ్మేళనం, పెడితే వెనక వరసలో కూర్చుని విను. అర్థం కాకపోయినా "వాహ్ వాహ్" ఎక్కడ పడుతుందో రెండో గజల్‌కే పట్టేస్తావు.

నీతో అసలు అవసరం పడేది మాత్రం విద్యా దినోత్సవం రోజు పెట్టే స్కాలర్‌షిప్ బల్ల దగ్గర. మా అమ్మాయి ఇంటర్లో చేరేటప్పుడు ఇట్లాంటి బల్ల దగ్గరే ఒక పిల్లవాడు, పాపం మంచివాడే, "ముస్లిం అంటే బీసీ-ఈ కదా" అని ఫారంలో టిక్కు పెట్టేసినాడు. మేం దూదేకులోళ్ళం, నూర్‌బాషాలు అన్నా అదే, మాది బీసీ-బి, బీసీ రిజర్వేషన్లలో వేరే గ్రూపు. 2007 చట్టంతో 4 శాతం రిజర్వేషన్ వచ్చిన బీసీ-ఈలో షేక్‌లు ఉన్నారు, సయ్యద్‌లూ పఠాన్‌లూ లేరు. సర్టిఫికెట్ ఒకటి, ఫారం ఒకటి అయ్యి, దాన్ని సరిచేయించడానికి నేను ఆఫీసు మెట్లు ఎక్కిదిగిన లెక్క చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆ బల్ల వెనక మన ఇంటి పిల్ల ఒకతి ఉండింటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నీ రూమ్మేట్‌కు ఉర్దూ వచ్చు సరే, ఈ తేడా తెలుసేమో అడిగి చూడు.

నాన్న మాట తీసెయ్యకు. ఆయన భయం చదువు గురించి ఒక్కటే కాకపోవచ్చు. చేరే ముందు ఆ సంఘం ఎవరిదో కనుక్కో. కాలేజీ వరకే ఉండేదా, బయట పెద్ద సంస్థకు కొమ్మా? ఉదాహరణకు 1982లో మొదలైన ఎస్ఐఓ (స్టూడెంట్స్ ఇస్లామిక్ ఆర్గనైజేషన్) అబ్బాయిలది, ఆడపిల్లలకు జీఐఓ (గర్ల్స్ ఇస్లామిక్ ఆర్గనైజేషన్) ఉంది. రెండూ జమాతె ఇస్లామీ హింద్ అనే ముస్లిం సంస్థతో ముడిపడినవి. తప్పని కాదు, తెలిసి చేరాలి. రాజకీయ పార్టీ జెండా కింద ఊరేగింపుకు పిలిస్తే రానని చెప్పే వీలుందా అన్నదీ ముందే అడుగు. డబ్బు వసూలు చేయమంటే రసీదు పుస్తకం అడుగు. నేనొకసారి అడగలేదు. నా ముఖం చూసి మా వీధిలో నలభై ఇళ్ళు ఇఫ్తార్‌కు చందా ఇచ్చినాయి, తర్వాత లెక్క ఎవరూ చెప్పలేదు. ఆ వీధిలో తలెత్తుకుని నడవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో పడుతోంది, పరీక్షల నెత్తిన. వారానికి ఒక్కరోజే వస్తానని మొదటే చెప్పేయి. మగ్రిబ్ (పొద్దుగూకే వేళ నమాజు) అయి తిని తిరిగొచ్చేసరికి హాస్టల్ గేటు మూస్తారు, కాబట్టి వార్డెన్‌కు ఉత్తరం సంఘం వాళ్ళ చేతే ఇప్పించు. నాన్నకు ఆ ఉత్తరం ఫోటో పంపు. మా నాన్న అయితే అంతటితో మెత్తబడేవాడు, మీ నాన్న సంగతి నీకే తెలియాలి.

సోమవారం మళ్ళీ పో. ఆ నోటీసు ఉర్దూలో, ఇంగ్లీషులోనే ఉండుంటుంది. మార్కర్ పెన్ను తీసుకుపోయి, కింద తెలుగులో రాసిపెట్టనా అని అడుగు.