కార్డు మీద చదువుతాడు, పుస్తకంలో చదవడు!

ప్రశ్న: మేడమ్, మా బాబుకి ఆరేళ్లు, ఫస్ట్ క్లాస్. స్కూల్లో సైట్ వర్డ్స్ అని, అంటే చూడగానే చదివేయాల్సిన ఇంగ్లీష్ మాటలట, వారానికి ఇరవై ఇస్తున్నారు, రోజూ రాత్రి ఫ్లాష్ కార్డులు పట్టుకుని గంట కూర్చోబెడుతున్నా. కార్డు చూస్తే ఠక్కున చెప్తాడు, అదే మాట పుస్తకంలో కనిపిస్తే తెల్లమొహం వేస్తాడు. 'వాజ్' (was)ని 'సా' (saw) అంటాడు. మా అత్తగారేమో నాలుగు తగిలిస్తే అదే వస్తుందంటారు. ఏం చేయను?
— ఓ తల్లి, ఉప్పల్

జవాబు: ముందు ఆ గంట మానేయమ్మా, పది నిమిషాలు చాలు. మీవాడు మాటని చదవట్లేదు, కార్డుని గుర్తుపడుతున్నాడు. నా ట్యూషన్‌కొచ్చే ఓ పాప ఒక కార్డు భలే చెప్పేది, తీరా చూస్తే దాని మూలకి నూనె మరక, కొత్త కార్డు రాసిస్తే నోరు తెరవలేదు!

ఈ లిస్టుల్లో చాలావాటికి మూలం 1936లో అమెరికాలో ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆయన వేసిన 220 మాటల లిస్టు. అందులో 'కెన్', 'రన్', 'బిగ్' లాంటివి కూడబలుక్కుంటే వచ్చేస్తాయి, బట్టీ ఎందుకు? పేచీ అంతా 'సెడ్' (said), 'వాజ్' లాంటి వాటితోనే. మనకి తెలుగులో కకి కొమ్మిస్తే ఎక్కడైనా కు-నే, ఇంగ్లీష్‌లో ఆ భరోసా లేదు కదా.

'సెడ్' తీసుకోండి. కార్డు చూపించకుండా ముందు మాట పలికించండి, స్, ఎ, డ్, మూడు శబ్దాలు. పలక మీద మూడు గడులు గీసి ఒక్కో శబ్దానికి ఒక్కో చింతపిక్క జరపమనండి, ఆ తర్వాత పిక్క తీసి అక్కడ అక్షరం రాయాలి. ఎస్, డి బుద్ధిగానే ఉంటాయి, మధ్య గడిలో ఏ-ఐ రెండూ కలిసి 'ఎ' అంటున్నాయి, అల్లరి వాటిది. వాటి కింద ఎర్ర పెన్సిల్ గీత గీయించండి, వాడు గుర్తుపెట్టుకోవాల్సింది అంతే. వారానికి మూడో నాలుగో కొత్తవి చాలు, ఇరవై అంటే నాకే గుర్తుండవు!

'వాజ్', 'సా' ఒకే వారం నేర్పకండి, అక్షరాలు అవే, తిరగేసుంటాయి. వేలు ఎడమవైపు పెట్టి మొదటి అక్షరం శబ్దం పలికాకే ముందుకెళ్లాలి. ఈ వయసులో తికమక మామూలే. కళ్లు, చెవులు మాత్రం ఒకసారి చెక్ చేయించండి, సెకండ్ క్లాస్‌కొచ్చినా ఇలాగే ఉంటే పిల్లల డాక్టర్‌ని అడిగి లెర్నింగ్ డిజెబిలిటీ (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఇబ్బంది) టెస్ట్ చేయించండి.

నేర్చుకున్న మాటని అదే రోజు కథల పుస్తకంలోనో, మెట్రోలో వెళ్తుంటే అక్కడి బోర్డుల మీదో వెతికించండి, కార్డుల్ని అటకెక్కించినా పర్లేదు.

ఇక చింతపిక్కలంటారా, మీ అత్తగారినే అడగండి, వామనగుంటల కోసం దాచినవి ఎక్కడో ఉండే ఉంటాయి. గడుల పక్కన ఆవిడనే కూర్చోబెట్టండి, నాలుగు తగిలించే సంగతి మర్చిపోతారు.