కీళ్లవాతానికి తిప్పతీగ, వావిలాకు: సమాధానం

దేవరకొండలోని మీ అమ్మగారు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఇచ్చిన మెథోట్రెక్సేట్ మాని, తిప్పతీగ కషాయం తాగుతానంటున్నారని రాశారు. దయచేసి ఆ మాత్ర మాన్పించకండి. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొరపై దాడి చేస్తుంది కనుక, పైకి నొప్పి తగ్గినా లోపల ఎముక అరిగిపోతూనే ఉండవచ్చు. దాన్ని ఆపగలదని రుజువైన మొక్క ఏదీ లేదు. తిప్పతీగ ఆ రక్షణ వ్యవస్థనే రెచ్చగొట్టవచ్చు; దానివల్ల కాలేయం దెబ్బతిన్నవారు మన దేశంలోనే ఉన్నారు, మెథోట్రెక్సేట్ భారమూ కాలేయంపైనే పడుతుంది కాబట్టి ఆ రెండూ కలవడం నాకు భయం కలిగిస్తోంది.

వాగుల వెంట దొరికే వావిలాకును మరిగించి, గోరువెచ్చని ఆ నీళ్లలో గుడ్డ ముంచి పిండి, పొద్దున బిగుసుకున్న వేళ్లకు కాపడం పెట్టండి; కీలు ఎర్రబడి వేడిగా ఉన్న రోజున మాత్రం వద్దు. కూరలో పసుపు, అల్లం మామూలుగానే వాడవచ్చు. మెథోట్రెక్సేట్‌ను డాక్టర్ రాసినట్టు వారానికి ఒక్క రోజే వేసుకుంటున్నారో లేదో మీరే స్వయంగా చూడండి, కాలేయ పరీక్షలు తప్పనివ్వకండి.