డ్రోన్ సిమ్యులేటర్‌లో గాలి సాంద్రత, గురుత్వాకర్షణ మార్చేస్తే మార్స్ హెలికాప్టర్ సిమ్యులేషన్ అయిపోయినట్టేనా?

కాదు. ఆ రెండు నంబర్లు మార్చడం ఎవరైనా చేస్తారు. అసలు విషయమంతా ఎయిర్‌ఫాయిల్ టేబుల్‌లో ఉంటుంది, అంటే బ్లేడ్ అడ్డుకోత ఆకారానికి పైకెత్తే బలం (లిఫ్ట్), వెనక్కి లాగే బలం (డ్రాగ్) ఎంతో చెప్పే పట్టికలో. దాన్ని మాత్రం ఎవరూ తెరిచి చూడరు. చాలాకాలంగా సొంతంగా రోటర్ లెక్కల కోడ్ రాసుకుంటున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఒకసారి ఒక స్టూడెంట్ టీమ్ తమ డిజైన్ చూడమని అడిగింది. మార్స్ మీద ఎగిరిన నాసా వాళ్ళ చిన్న హెలికాప్టర్ ఇంజెన్యుయిటీ సైజే: రెండు కిలోల లోపు బరువు, 1.2 మీటర్ల రోటర్లు రెండు, ఒకదానిపై ఒకటి. వాళ్ళ సిమ్యులేషన్‌లో గాలిలో నిలబడటానికి కావాల్సిన పవర్ మాత్రం ఇంజెన్యుయిటీ వాడినదాంట్లో సగం కూడా రాలేదు. వీడియో కాల్‌లో అందరూ మంచి హుషారు మీదున్నారు. ఎయిర్‌ఫాయిల్ ఫైల్ తెరవమన్నాను. పై వరసలోనే కనిపించింది, రెనాల్డ్స్ సంఖ్య (గాలి ఊపుకీ దాని జిగటకీ ఉన్న నిష్పత్తి) 10 లక్షలని. అది భూమి మీద చిన్న విమానం రెక్కకు పనికొచ్చే టేబుల్. మీ బ్లేడ్‌కి ఎంతో ఇప్పుడే లెక్కేయండి అన్నాను. సాంద్రత ఘనపు మీటరుకు 0.017 కిలోలు, బ్లేడ్ మీద గాలి వేగం సెకనుకు 110 మీటర్లు, బ్లేడ్ వెడల్పు 8 సెంటీమీటర్లు. వీటిని గుణించి అక్కడి గాలి జిగటతో భాగిస్తే 13 వేల చిల్లర వచ్చింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అంత తక్కువ రెనాల్డ్స్ సంఖ్య దగ్గర గాలి బ్లేడ్‌ని అంటిపెట్టుకుని ఉండదు, తొందరగా విడిపోతుంది. లిఫ్ట్ తగ్గుతుంది, డ్రాగ్ పెరుగుతుంది. సరైన టేబుల్ పెట్టి మళ్ళీ రన్ చేస్తే పవర్ ఎగబాకింది. దానికి బ్యాటరీ పెంచాలి, బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే మళ్ళీ పవర్.

ఇంకో లెక్క చూడండి. 1.8 కిలోల ఇంజెన్యుయిటీ మార్స్ మీద 6.7 న్యూటన్ల బరువు తూగుతుంది. నష్టాలేవీ లేవనుకునే పుస్తకంలోని ఆదర్శ సూత్రం ప్రకారం ఆ రోటర్‌కి 90 వాట్లు చాలాలి. అది వాడింది మాత్రం 350 వాట్ల దాకా. మోటార్లు, ఎలక్ట్రానిక్స్ కొంత తింటాయి, నిజమే. కానీ బ్లేడ్ డ్రాగ్ తినేది తక్కువేం కాదు.

"అయితే ఆర్‌పీఎం (రోటర్ నిమిషానికి తిరిగే చుట్లు) పెంచుదాం" అంటారు. మార్స్ మీద ధ్వని వేగం సెకనుకు 240 మీటర్ల దరిదాపు, ఇక్కడికంటే 100 తక్కువ. బ్లేడ్ కొస దాన్ని సమీపిస్తే డ్రాగ్ ఒక్కసారిగా లేస్తుంది. 2021 సెప్టెంబర్‌లో రుతువు మారి అక్కడి గాలి ఇంకా పలుచనైనప్పుడు ఇంజెన్యుయిటీని 2,537 నుంచి 2,700 ఆర్‌పీఎంకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. దానికి ముందు ఎగరకుండా నేల మీదే ఎక్కువ వేగంతో తిప్పి చూశారు. నిజంగా ఎగరేసే వాళ్ళే అంత జాగ్రత్తపడ్డారు.

నాకు చిరాకు తెప్పించేది రంగురంగుల సీఎఫ్‌డీ బొమ్మలు, అంటే గాలి ప్రవాహాన్ని కంప్యూటర్ లెక్కగట్టి గీసేవి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ చూపించి "సిమ్యులేషన్ పూర్తయింది" అంటారు. పలుచని గాలిలో బ్లేడ్ పైకీ కిందికీ ఊగితే ఆ ఊపు త్వరగా చావదు, ఎందుకంటే దాన్ని అణచాల్సిన గాలే అక్కడ లేదు. అందుకే ఇంజెన్యుయిటీ బ్లేడ్‌లను అంత బిరుసుగా చేశారు. ఆగి ఉన్న బొమ్మలో ఈ ఊపు కనబడదు. కాలంతో పాటు బ్లేడ్ కదలికనీ, హెలికాప్టర్‌ని అదుపులో ఉంచే కంట్రోలర్‌నీ కలిపి నడిపితేనే బయటపడుతుంది.

మొదలుపెట్టాలంటే సొంత డిజైన్ పక్కనపెట్టి ముందు ఇంజెన్యుయిటీనే మీ కోడ్‌లో నిలబెట్టండి. 2,500 ఆర్‌పీఎం దగ్గర 6.7 న్యూటన్లు ఎత్తుతుందా, పవర్ 350 వాట్ల లోపు నమ్మదగ్గ చోటికి వస్తుందా చూడండి. రాకపోతే ముందు టేబుల్‌ని అనుమానించండి. అది కుదిరాకే శనిగ్రహపు చందమామ టైటన్ వైపు వెళ్ళండి. అక్కడ గాలి మన గాలికి నాలుగు రెట్లు చిక్కన, గురుత్వం ఏడో వంతు, కాబట్టి ఆ టేబుల్ మళ్ళీ వేరే.