మీ ప్రశ్నలు – మా జవాబులు: పారశీక రాజమందిరాలను కట్టింది ఎవరు?

ప్రశ్న: ప్రాచీన పర్షియా రాజులకు పసర్గడే, సూసా, పెర్సెపోలిస్, ఎక్బతానా అంటూ ఇన్ని రాజధానులు ఎందుకు? ఒక్కచోట ఉండి పాలించలేకపోయారా?

జవాబు: ఆకెమెనిడ్ వంశపు చక్రవర్తులు ఏ ఒక్క నగరానికీ కట్టుబడి ఉండలేదు, కొలువును వెంటబెట్టుకుని ఋతువును బట్టి తరలివెళ్లేవారు. సూసా మైదానంలో ఎండలు భరించరానివి కాబట్టి అక్కడ చలికాలం గడిపి, వేసవికి కొండల నడుమ చల్లగా ఉండే ఎక్బతానాకు, అంటే నేటి హమదాన్‌కు, చేరుకునేవారు. పసర్గడే క్రీ.పూ. 6వ శతాబ్దంలో సైరస్ చక్రవర్తి కట్టించినది. రాతి కాలువల్లో నీరు పారే తోట, దాని అంచున మందిరాలు, కొంత దూరంలో ఆయన సమాధి అక్కడ ఉన్నాయి. రాజధాని హోదా తగ్గిన తర్వాత కూడా కొత్త రాజుకు అభిషేకం అక్కడే జరిగేదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. పెర్సెపోలిస్ నిర్మాణాన్ని డేరియస్ చక్రవర్తి క్రీ.పూ. 518 ప్రాంతంలో మొదలుపెట్టాడు. ఆయన కొడుకు జెర్క్సీజ్, మనుమడు మొదటి ఆర్తాజెర్క్సీజ్ ఆ పనిని కొనసాగించారు.

ప్రశ్న: ఇంత పెద్ద కట్టడాలను బానిసల చేత, కొరడా దెబ్బలతో కట్టించి ఉంటారని చాలామంది అంటారు. ఇది నిజమేనా? తెలుసుకోవడానికి ఆధారాలు ఏమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి, అదీ రెండు రకాలు. ఒకటి రాజు చెప్పుకున్న మాట, రెండవది రాజు దగ్గర పనిచేసిన లేఖకులు రాసుకున్న లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప మీ ప్రశ్నకు న్యాయం జరగదు.

రాజు మాట సూసాలో దొరికిన డేరియస్ శాసనంలో ఉంది. ప్రాచీన పారశీకం, ఎలమైట్ (సూసా ప్రాంతపు పాత భాష), బాబిలోనియన్ అనే మూడు భాషల్లో రాయించిన ఈ శాసనం ఆ మందిరాన్ని పునాది దగ్గర నుంచి వర్ణిస్తుంది. గట్టినేల తగిలేదాకా మట్టిని తవ్వి తీశామనీ, ఆ గోతిని కొన్నిచోట్ల 40 మూరల లోతున, మరికొన్నిచోట్ల 20 మూరల లోతున గులకరాళ్లతో నింపి, దానిపైన మందిరం లేపామనీ డేరియస్ చెబుతాడు. ఆ తర్వాత ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో వరుసగా చెప్పుకొస్తాడు. దేవదారు దూలాలను లెబనాన్ కొండ నుంచి అస్సీరియన్లు బాబిలోన్ దాకా తెస్తే, అక్కడి నుంచి సూసాకు నేటి టర్కీ పశ్చిమ తీరానికి చెందిన కారియన్లు, అయోనియన్ గ్రీకులు చేర్చారు. బంగారం సార్డిస్ (నేటి పశ్చిమ టర్కీలోని నగరం), బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ ప్రాంతం) నుంచి, నీలిరంగు లాపిస్ లజులి రాయి మధ్య ఆసియాలోని సోగ్దియానా నుంచి, వెండి ఈజిప్టు నుంచి వచ్చాయి. ఏనుగు దంతం వచ్చిన చోట్లలో ఇథియోపియాతో పాటు సింధు ప్రాంతం పేరు కూడా కనిపిస్తుంది. రాతిపని చేసినవారు అయోనియన్లు, సార్డిస్ వాళ్లు. బంగారుపని వాయవ్య ఇరాన్‌కు చెందిన మీడియన్లది, ఈజిప్షియన్లది. ఇటుకలు కాల్చినది బాబిలోనియన్లు.

ఒక మందిరం కట్టిన పనివాళ్లను జాతుల వారీగా పేర్కొని గౌరవించిన ఇలాంటి రాజశాసనం ప్రాచీన ప్రపంచంలో అరుదు. నేను దీనిని చాలా విలువైనదిగా భావిస్తాను. అయినా ఇది రాజు తన ప్రతిష్ఠ కోసం రాయించుకున్నది. సామ్రాజ్యంలోని ప్రతి మూలా తన మందిరంలో ఒక భాగమైందని చాటడం దీని ఉద్దేశం. ఆ పనివాళ్లు ఏం తిన్నారో, ఇష్టపడి వచ్చారో లేదో ఇందులో ఉండదు.

ఆ సంగతి కొంతవరకు చెప్పేవి పెర్సెపోలిస్ మట్టిపలకలు. 1933–34 తవ్వకాల్లో, కోటగోడకు సంబంధించిన గదుల్లో వేలకొద్దీ పలకలు, పలకల ముక్కలు బయటపడ్డాయి. ఎక్కువ భాగం ఎలమైట్ భాషలో ఉన్న ఇవి క్రీ.పూ. 509 నుంచి 493 వరకు గల కాలానికి చెందినవి. ధాన్యం, వైన్, బీరు ఎవరికి ఎంత కొలిచి ఇచ్చారో, ఎవరి ముద్ర మీద ఇచ్చారో రాసుకున్న గిడ్డంగి లెక్కలివి. రాజఖజానా భవనంలో దొరికిన మరో పలకల గుంపు కొంచెం తర్వాతి కాలానిది. అందులో శిల్పులకు, ఇతర పనివాళ్లకు గొర్రెలకూ వైన్‌కూ బదులుగా వెండి చెల్లించిన పద్దులున్నాయి.

ఈ పద్దుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి ఆడవాళ్లకు సంబంధించినవి. పనిచేసే చోట స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కొన్ని గుంపులకు పెద్దలుగా ఉన్న స్త్రీలకు మామూలు మగ పనివాడి కంటే ఎక్కువ ధాన్యం అందేది. బిడ్డను కన్న తల్లికి మామూలు బత్తెం గాక అదనంగా కొలిచి ఇచ్చేవారు. అయితే కొడుకును కన్న తల్లికి ఇచ్చినదానిలో సగమే కూతురిని కన్న తల్లికి దక్కేది.

కాబట్టి కొరడా దెబ్బల చిత్రానికి ఈ పలకలు సాక్ష్యం చెప్పవు. అలాగని ఈ పనివాళ్లంతా తమ ఇష్టం మీద కూలికి వచ్చినవారని అనుకోవడం కూడా తొందరపాటే. పలకల్లో వీళ్లను ‘కుర్తష్’, అంటే పనివాళ్లు, అని పిలిచారు. థ్రేస్ (గ్రీసుకు ఈశాన్యాన ఉన్న ప్రాంతం), లిసియా (నేటి టర్కీ దక్షిణ తీరం), ఈజిప్టు వంటి దూరదేశాల వాళ్లను గుంపులు గుంపులుగా తరలించి, అధికారులు చెప్పిన చోట పనిలో పెట్టేవారు. వాళ్లలో నేర్పరులైన శిల్పులు, యుద్ధంలో పట్టుబడి వచ్చినవారు, కొంతకాలం పనిచేసి వెళ్లేవారు కలిసే ఉండి ఉంటారు. అందరినీ ఒకే పేరుతో, బానిసలనో స్వేచ్ఛాజీవులనో, ముద్రవేయడం సరికాదని నా అభిప్రాయం. పెర్సెపోలిస్ దగ్గరి రాతిగనిలో ఒకచోట పితార్ఖోస్ అనే పేరు గ్రీకు అక్షరాల్లో చెక్కి ఉంది. రాజశాసనం అయోనియన్లు అని జాతి పేరుతో సరిపెట్టిన చోట, ఒక్క గ్రీకు మనిషి పేరు మాత్రం ఆ రాతి మీద మిగిలింది.

ప్రశ్న: పెర్సెపోలిస్ ఫొటోలలో గోడలు లేకుండా రాతి గుమ్మాలు, కిటికీలు మాత్రమే నిలబడి ఉంటాయి. అలా ఎందుకు కట్టారు?

జవాబు: కట్టినప్పుడు గోడలు ఉండేవి. ద్వారబంధాలు, కిటికీలు, స్తంభాలు, మెట్లు రాతితో చేసి, గోడలను మాత్రం పచ్చి ఇటుకతో లేపారు. అపదాన అనే సభామందిరంలో గోడల మందం 5 మీటర్లకు పైగా ఉండేది. పైకప్పు పోయాక ఆ ఇటుక వానకు కరిగి మట్టిలో కలిసిపోయింది, రాయి నిలిచింది.

అపదానలో మొత్తం 72 స్తంభాలు ఉండేవి. వాటిలో 36 లోపలి చదరపు సభలో ఆరేసి చొప్పున ఆరు వరుసలుగా నిలిచాయి. ఎత్తు సుమారు 20 మీటర్లు. స్తంభానికీ స్తంభానికీ నడుమ ఎనిమిది మీటర్లకు పైగా ఖాళీ వదిలారు. గ్రీకు దేవాలయాల్లో రాతి దూలాలు కాబట్టి స్తంభాలను దగ్గరగా నిలపవలసి వచ్చేది. ఇక్కడ కప్పు దేవదారు దూలాలది కాబట్టి అంత దూరం సాధ్యమైంది. స్తంభం తలమీద వీపులు కలిపి కూర్చున్న రెండు ఎద్దుల బొమ్మ ఉంటుంది. ఆ రెండు తలల నడుమ ఉన్న పల్లంలో దూలం కుదురుగా కూర్చునేది. అలంకారం, ఆధారం ఒకే రాతిలో కుదిరిన ఈ ఏర్పాటును మించినది ఆ కాలపు వాస్తులో నాకు కనిపించదు.

అదే మందిరపు మెట్ల పక్కన కానుకలు తెస్తున్న 23 బృందాలను చెక్కారు. సింధు ప్రాంతపు బృందంలో ఒక మనిషి కావడి భుజాన వేసుకుని, దాని బుట్టల్లో చిన్న సంచులు పెట్టుకుని నడుస్తుంటాడు. వాటిలో బంగారు పొడి ఉందని పండితులు భావిస్తారు. ఈ శిల్పాలకు ఒకప్పుడు రంగులు వేసి ఉండేవి, వాటి జాడలు అక్కడక్కడ దొరికాయి.

ప్రశ్న: అలెగ్జాండర్ పెర్సెపోలిస్‌ను తాగిన మత్తులో తగలబెట్టాడన్నది నిజమా?

జవాబు: క్రీ.పూ. 330లో అది తగలబడిందనడంలో సందేహం లేదు. తవ్వకాల్లో కాలిన దూలాల బూడిద దట్టంగా కనిపించింది. కారణం దగ్గర మాత్రం ప్రాచీన రచయితలు విడిపోతారు. విందులో థాయిస్ అనే స్త్రీ ప్రేరేపించిందని డయోడోరస్, ప్లూటార్క్ వంటివారు రాస్తే, క్రీ.పూ. 480లో జెర్క్సీజ్ ఏథెన్స్‌ను కాల్చినందుకు బుద్ధిపూర్వకంగా తీర్చుకున్న పగ ఇదని ఆరియన్ అనే గ్రీకు చరిత్రకారుడు చెబుతాడు. నగరంలోని ధనమంతా తరలించడానికి ముందే ఏర్పాట్లు జరిగాయని గమనిస్తే, నాకు ఆరియన్ మాటే నమ్మదగినదిగా తోస్తుంది.

అపదాన స్తంభాల్లో 13 ఇంకా నిలబడి ఉన్నాయి. పెర్సెపోలిస్ 1979లోను, పసర్గడే 2004లోను, సూసా 2015లోను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సూసా గోడల మీది రంగురంగుల విలుకాండ్ర ఇటుకలను చూడాలంటే మాత్రం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి వెళ్లవలసిందే.