ప్రెజర్ ఎక్కువుందని గీజరు వారంటీ ఇవ్వనంటే?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు మాది. రెండో అంతస్తులో ఉంటాం. 14 నెలల కిందట 25 లీటర్ల గీజరు కొన్నాం. కంపెనీ మనిషే వచ్చి బిగించాడు. ట్యాంకుకు 5 ఏళ్ల వారంటీ ఉంది. పై అంతస్తుల్లో షవరుకు నీళ్లు సరిగా రావడం లేదని అసోసియేషన్ వాళ్లు ఈమధ్య మేడ మీద ప్రెజర్ పంపు పెట్టారు. ఇప్పుడు గీజరు కారుతోంది, కింది ఫ్లాటు సీలింగు తడిసిపోయింది. మెకానిక్ చూసి, ప్రెజర్ ఎక్కువ కాబట్టి వారంటీ వర్తించదన్నాడు. కింది వాళ్లు రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు గీజరు స్విచ్ ఆపి, నీళ్లొచ్చే వాల్వు కట్టేయండమ్మా. కారుతోందని తెలిసీ వదిలేస్తే, ఆపైన కింది ఇంటికి జరిగే నష్టం మీ మెడకు చుట్టుకుంటుంది.

తర్వాత, నీళ్లు ఎక్కడినుంచి కారాయో చూడాలి. చల్లనీళ్ల పైపు దగ్గర ఉండే సేఫ్టీ వాల్వు నుంచి నీళ్లు కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే అది లోపం కాదు. వేడికి నీరు వ్యాకోచిస్తుంది, పెరిగిన ప్రెజర్ అలా బయటికి పోతుంది. పైపు జాయింటు దగ్గరైతే బిగింపులో తప్పు. ట్యాంకు నుంచే వస్తోందంటే వస్తువులోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ. తేదీ, సమయం పడేలా వీడియో తీయండి.

మెకానిక్ రాసిచ్చిన జాబ్ కార్డు ఫొటో మీరు పంపారు, చూశాను. ‘వాటర్ ప్రెజర్ హై’ అని మూడే మాటలున్నాయి. ఎంత ఉందో అంకె లేదు, గేజీ (ప్రెజర్ కొలిచే మీటరు) పెట్టి కొలిచిన దాఖలా లేదు. మీ కేసు బలమంతా అక్కడే ఉంది. ఫలానా షరతు ప్రకారం వారంటీ ఇవ్వనన్నవాళ్లే ఆ షరతు మీ ఇంట్లో తప్పిందని రుజువు చేయాలి.

లెక్క మీరే వేసుకోవచ్చు. స్టోరేజీ గీజర్లు సాధారణంగా 8 బార్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 8 కిలోల ప్రెజర్ తట్టుకునేలా చేస్తారు. మీ గీజరు మీద అతికించిన పలకపై ఆ అంకె ఉంటుంది. 10 మీటర్ల ఎత్తునుంచి దిగే నీటికి దాదాపు 1 కిలో ప్రెజర్ వస్తుంది. మేడ మీది ట్యాంకు మీ బాత్‌రూముకు 12 మీటర్ల పైన ఉందనుకుంటే 1.2 కిలోలు. పంపు మీద ‘హెడ్’ అని, అంటే నీటిని ఎంత ఎత్తుకు నెట్టగలదో, మీటర్లలో రాసి ఉంటుంది. అది 25 అయితే ఇంకో 2.5. రెండూ కలిపినా 4 దాటలేదు, 8 ఎక్కడ? అయినా లెక్కతో ఆగకండి. పంపు ఆడుతున్నప్పుడు ప్లంబరు చేత గేజీ పెట్టించి ఫొటో తీయండి, అతని చేత రాయించుకోండి.

కంపెనీకి పంపే నోటీసులో ఇంకో మాట కూడా తప్పకుండా రాయాలి. సేఫ్టీ వాల్వు ఉండేదే ప్రెజర్ హద్దు దాటకుండా. అది గీజరుతో పాటు పెట్టెలో వచ్చిందే అయితే, ప్రెజర్ వల్లే ట్యాంకు పోయిందని చెప్పడమంటే తమ వాల్వు పనిచేయలేదని కంపెనీ ఒప్పుకున్నట్టే.

గేజీలో నిజంగా 8 దాటితే మాత్రం మీ వాదన సగం బలహీనపడుతుంది, దాచి లాభం లేదు. అప్పుడు మీరు తేల్చుకోవాల్సింది అసోసియేషన్‌తో. కింది లైన్లకు ప్రెజర్ తగ్గించే వాల్వు పెట్టకుండా పంపు ఎందుకు ఆడించారని రాతపూర్వకంగా అడగండి.

కంపెనీకి, అమ్మిన షాపుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్లండి. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. గీజరు మార్చాలని గానీ డబ్బు తిరిగివ్వాలని గానీ కోరండి. కింది వాళ్ల సీలింగుకు మీరు పెట్టిన ఖర్చు కూడా అడగండి, పెయింటరు దగ్గర రసీదు ఉండాలి.

పాత గీజరు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, బయటి మెకానిక్ చేత విప్పించకండి. కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించవచ్చు. ఈలోగా కంపెనీ మనిషి ఫోన్ చేసి ‘కంప్లయింట్ క్లోజ్ చేయాలి, ఓటీపీ చెప్పండమ్మా’ అంటాడు. పని పూర్తయ్యే వరకు చెప్పకండి.