గార్డు ఎవరు బిగించారో ముందు అది చెప్పండి

ప్రశ్న: మూడేళ్ల కిందట కొన్న పికప్‌ను నేనూ మా తమ్ముడూ నడుపుకుంటాం, అదే మాకు బతుకుతెరువు. ఒకరోజు తమ్ముడు నడుపుతుండగా బండి ఎదురుగా కల్వర్టు గోడను ఢీకొట్టింది. సీటు బెల్టు పెట్టుకున్నాడు, అయినా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. కాలు రెండుచోట్ల విరిగింది, ఇప్పటికీ సరిగా నడవలేడు. ముందున్న ఇనుప గార్డు మాత్రం పెద్దగా వంగలేదు. ఇది జరిగి 21 నెలలైంది. బండి షోరూం వాళ్ల దగ్గరే ఉంది, ఫోన్ చేస్తే కంపెనీకి రాశామంటారు. ప్రమాదానికి నాలుగు నెలల ముందే ఛాసిస్ వెల్డింగ్ దగ్గర పగులు చూపించాం, ఏం కాదన్నారు. అమ్మేటప్పుడు ఫైవ్ స్టార్ బండి అన్నారు. గార్డు తీసేసి కేసు వేయమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో తమ్ముడి బాధ గురించి చాలా రాశారు. కేసు ఎటు పోతుందో తేల్చే మాటను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ గార్డు ఎవరు బిగించారు? దానికి బిల్లు ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, గార్డు వంగలేదంటే బండి గట్టిదని మీరు సంబరపడుతున్నారు గానీ, కంపెనీ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. గుద్దుకున్నప్పుడు బండి ముందుభాగం నలిగి దెబ్బను మింగాలి, ఆ వేగం ఎంత త్వరగా పడిపోయిందో సెన్సర్ కొలిచి క్షణంలో వందోవంతుల్లో ఎయిర్‌బ్యాగ్ తెరవాలా వద్దా అని తేలుస్తుంది. ఛాసిస్‌కు నేరుగా బిగించిన ఇనుప గార్డు ఆ లెక్కను మార్చేస్తుంది. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ ఇవి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. కాబట్టి "మా డిజైన్ సరిగానే ఉంది, మీరే మార్చారు" అన్న జవాబు కంపెనీ దగ్గర సిద్ధంగా ఉంటుంది.

గార్డు మీరు బయట కొని బిగించుకుని ఉంటే కేసు బలహీనం, చచ్చిపోయినట్టు కాదు. డెలివరీ రోజే షోరూం వాళ్లు బిగించి యాక్సెసరీల బిల్లులో వేసి ఉంటే కథే వేరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 87 ప్రకారం వస్తువులో మార్పులు జరిగి ఉంటే అమ్మినవాడు తప్పించుకోవచ్చు, కానీ మార్పు తానే చేసి, దానివల్లే నష్టం జరిగి ఉంటే సెక్షన్ 86 కింద అతనే బాధ్యుడు. అప్పుడు కంపెనీ, షోరూం ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మీరు ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

గార్డు తీసేయమన్న సలహా ఇచ్చినవాళ్లను మళ్లీ దగ్గరకు రానివ్వకండి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో, ఇన్సూరెన్స్ సర్వేయర్ ఫొటోల్లో అది ఈపాటికే ఉంటుంది, బోల్టుల గుర్తులూ ఉంటాయి. దొరికిపోయిన రోజు గార్డు సంగతి ఒక్కటే పోదు, మీరు నిజంగా చెప్పిన మాటలూ నమ్మరు. గార్డు ఉందని ఫిర్యాదులో మీరే ముందు రాయండి.

ఇక బండిని 21 నెలలు ఎదుటివాళ్ల చేతిలో వదిలేసి ఫోన్లు చేస్తూ కూర్చోవడం ఏమిటండీ? అసలు సాక్ష్యం ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో ఉంటుంది. చాలా బండ్లలో గుద్దుకున్నప్పటి వేగం తగ్గుదల, బెల్టు పెట్టుకున్నారా లేదా అన్న వివరాలు అందులో నమోదవుతాయి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోని సందర్భంలో ఆ డేటా తర్వాత చెరిగిపోయే అవకాశమూ ఉంది. ఉచితంగా బాగుచేస్తామని షోరూం వాళ్లు అన్నా ఒప్పుకోకండి, సంతకం పెట్టకండి, ఒక్క బోల్టు కూడా విప్పొద్దని రాతపూర్వకంగా చెప్పండి.

ఫిర్యాదు వేసే గడువు అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. ఫోన్లూ, "కంపెనీకి రాశాం" అన్న మాటలూ దాన్ని పొడిగించవు. ప్రమాదం విషయంలో మీకు మూడు నెలలు మిగిలాయి. ఛాసిస్ పగులు మీకు తెలిసి 25 నెలలైంది, అంటే దానిమీద విడిగా అడిగే గడువు దాటింది. ఆలస్యానికి తగిన కారణం చూపించి మన్నించమని అడగొచ్చు గానీ దాన్ని నమ్ముకోకండి. అప్పటి షోరూం సర్వీసు జాబ్ కార్డు ఉంటే మాత్రం బయటికి తీయండి, సాక్ష్యంగా పనికొస్తుంది. ఆ రోజు సరుకు తూకం చీటీ కూడా వెతకండి, ఓవర్‌లోడ్ అనే వాదన ఎలాగూ వస్తుంది.

ఫైవ్ స్టార్ మాట నోటితో చెప్పింది. దాన్ని రుజువు చేయడం కష్టం. బండిని గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది, అది ప్రయాణికుల వాహనాలకే, సరుకు పికప్‌లు దాని పరిధిలోకి రావు. బ్రోచర్‌లో ఎయిర్‌బ్యాగ్ గురించి ఏం అచ్చువేశారో అది కావాలి.

ఇది వ్యాపారానికి కొన్న బండి, మీరు వినియోగదారు కాదనీ అంటారు. సొంతంగా, ఇంటివాళ్ల సాయంతో నడుపుకుంటూ బతుకుతున్నవాళ్లు వినియోగదారులేనని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీతానికి డ్రైవర్‌ను పెట్టి ఉంటే ఇబ్బంది వచ్చేది. అలాగే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కేసులో 2022 ఏప్రిల్‌లో ఇదే కోర్టు, గుద్దుకున్న వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర పండితుడిలా వినియోగదారు ఉండనక్కర్లేదంది. గార్డు ఉన్న బండికి అది ఎంతవరకు వర్తిస్తుందో వాదించి నెగ్గాలి.

చట్టంలోని ఉత్పత్తి బాధ్యత కింద, అంటే లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి, తమ్ముడి కాలికీ వైద్య ఖర్చుకూ మానసిక వేదనకూ పరిహారం అడగొచ్చు, బండికి జరిగిన నష్టం, పోయిన కిరాయిలు అడగలేరు. బండి ధర లేదా మార్పిడి కావాలంటే అదే ఫిర్యాదులో లోపమున్న వస్తువు కింద విడిగా కోరండి. తమ్ముడినీ ఫిర్యాదుదారుగా చేర్చండి, వైకల్య ధ్రువపత్రం మెడికల్ బోర్డు నుంచి తీసుకోండి.

ఈ వారమే కంపెనీకీ షోరూంకూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫిర్యాదుతో పాటే రెండు దరఖాస్తులు వేయండి: కేసు తేలేదాకా బండిని ముట్టుకోకూడదని సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కోసం ఒకటి, కంట్రోల్ యూనిట్‌ను ఇరుపక్షాల ముందు తీసి పరీక్షకు పంపాలని 38(2)(సి) కింద మరొకటి. నోటీసుకు పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇంక ఆగకండి, జవాబు లేకపోయినా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి అడ్డేమీ లేదు.