బ్రాంచ్ ర్యాక్‌లో కన్సోల్ బోర్డు పెట్టబోతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రాంచ్‌లోని రౌటర్, మూడు స్విచ్‌ల సీరియల్ కన్సోళ్లను (నెట్‌వర్క్ లేకపోయినా పరికరాన్ని నేరుగా నడిపే పోర్టులను) ఒక రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపి, హైదరాబాద్‌లో కూర్చుని అందుకోవాలని అడిగావు. నిక్షేపంలా చేయొచ్చు. కాకపోతే పని మొదలుపెట్టే ముందే ఒక సంగతి గట్టిగా పట్టుకో. ఏ పరికరం పడిపోయినప్పుడు ఈ బోర్డు నీకు అక్కరకు రావాలో, ఆ పరికరం మీద ఇది దేనికీ ఆధారపడకూడదు. కరెంటు, నెట్‌వర్క్, డీఎన్‌ఎస్ (పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది), లాగిన్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కింద రాసేదంతా దాని కోసమే.

ముందు కరెంటు. స్విచ్ పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) నుంచి బోర్డుకు కరెంటు ఇస్తే ఒక అడాప్టర్ తగ్గుతుందని చాలామంది మొగ్గుతారు. వద్దు. స్విచ్ రీలోడ్ అయిన క్షణాన బోర్డు కూడా ఆరిపోతుంది, నువ్వు చూడాల్సిన బూట్ మెసేజ్‌లు సరిగ్గా అప్పుడే వస్తాయి. వీలుంటే వేరే యూపీఎస్ నుంచి ఇవ్వు. రాస్‌ప్‌బెర్రీ పై మోడల్ 4 అయితే 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అసలు అడాప్టర్ కొను, ఫోన్ ఛార్జర్‌తో సరిపెట్టకు. సుమారు 4.63 వోల్టుల కన్నా దిగితే బోర్డు అండర్‌వోల్టేజ్ అని నమోదు చేస్తుంది, యూఎస్‌బీ పరికరాలు ఊడిపోయి మళ్లీ రావడం అక్కడినుంచే మొదలవుతుంది. నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తుంది కాబట్టి 4జీ డాంగిల్ (సిమ్‌తో ఇంటర్నెట్ ఇచ్చేది) కూడా పెడితే సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడు. కొన్ని హబ్‌లు వెనక్కి బోర్డుకే కరెంటు తోస్తాయి. అలాంటిది దొరికితే, అడాప్టర్ తీసినా బోర్డు పూర్తిగా ఆరదు, రీస్టార్ట్ చేశామని మనం అనుకుంటాం అంతే. కొన్నాక టేబుల్ మీదే పరీక్షించి చూడు.

కేబుళ్ల దగ్గర పొదుపు చేయకు. బోర్డు మీది జీపీఐఓ పిన్నులు (బయటి వైర్లు కలిపే పిన్నులు) 3.3 వోల్టులవి. స్విచ్ ఆర్‌జే45 కన్సోల్ నడిచేది ఆర్‌ఎస్‌232 అనే పాత సీరియల్ పద్ధతి మీద, అంటే ప్లస్, మైనస్ వైపులా 15 వోల్టుల దాకా. నేరుగా కలిపితే బోర్డు కాలిపోతుంది. మధ్యలో వోల్టేజీ మార్చే మ్యాక్స్3232 చిప్ పెట్టి కలపొచ్చు గానీ, నాలుగు పోర్టులకు యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లే మేలు. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవి తీసుకో. వాటిలో ఒక్కో కేబుల్‌కు ఒక్కో సీరియల్ నంబర్ ఉంటుంది. చవకగా దొరికే సీహెచ్340 కేబుళ్లకు సాధారణంగా అది ఉండదు. నంబర్ ఉంటే ఏమిటి లాభం అంటావేమో. బోర్డు ఈ కేబుళ్లకు ఇచ్చే టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 అనే పేర్లు కేబుల్ కనబడిన వరసలో వస్తాయి. రీబూట్ తర్వాత ఆ వరస మారితే కోర్ స్విచ్ అనుకుని రౌటర్‌లో కమాండ్ కొడతావు. అందుకే డెవ్ సీరియల్ బైఐడీ ఫోల్డర్‌లోని పేర్లే వాడు, లేదా యూడెవ్ రూల్ (లైనక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే నియమం) రాసి ప్రతి కేబుల్‌కూ స్విచ్ పేరే పెట్టు. కేబుల్ రెండు చివరలా కూడా అదే పేరు అంటించు.

స్విచ్ ముందున్న మినీ యూఎస్‌బీ కన్సోల్ జోలికి వెళ్లకు. చాలా మోడళ్లలో స్విచ్ ఆరగానే ఆ పోర్టు కూడా మాయమై, తొలి బూట్ మెసేజ్‌లు పోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. సిస్కో స్విచ్‌లలో రెండు కన్సోళ్లూ ఉంటే అవుట్‌పుట్ రెండింటిలోనూ కనిపిస్తుంది, టైపింగ్ మాత్రం యూఎస్‌బీ వైపే తీసుకుంటుంది. బ్రాంచ్‌లో ఎవరైనా ల్యాప్‌టాప్ తగిలించి వదిలేస్తే నీ స్క్రీన్ మీద అక్షరాలు వస్తుంటాయి, నువ్వు ఏం కొట్టినా కదలదు.

ఇదే లక్షణానికి ఇంకో కారణం మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్. అందులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని రెండు వైపులా వైర్లతో చెప్పుకునే పద్ధతి) మామూలుగా ఆన్‌లో ఉంటుంది, ఆపేయి. సెట్టింగ్: వేగం 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. మైక్రోటిక్ రౌటర్ల లాంటివి 115200 మీద నడుస్తాయి. పిచ్చి గీతలు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ వేగాన్నే. ఫ్లో కంట్రోల్ లేదు కాబట్టి పెద్ద కాన్ఫిగ్ ఒకేసారి పేస్ట్ చేస్తే మధ్యలో అక్షరాలు రాలిపోతాయి. లైనుకూ లైనుకూ మధ్య 100, 200 మిల్లీసెకన్లు ఆగేలా పెట్టు.

ఒక్కడివే అప్పుడప్పుడు చూసుకోవడానికైతే పికోకామ్ అనే చిన్న టెర్మినల్ ప్రోగ్రామ్ చాలు. ఈ పనికి మాత్రం నా ఓటు కన్సోల్ పోర్టులన్నిటినీ చూసుకునే కన్‌సర్వర్ ప్రోగ్రామ్‌కు. ఎవరూ చూడకపోయినా ప్రతి పోర్టులో వచ్చేదంతా లాగ్ చేస్తూ ఉంటుంది. రాత్రి స్విచ్ క్రాష్ అయితే ఆఖరి నాలుగు లైన్లు పొద్దున చదవొచ్చు, చాలాసార్లు జబ్బు అక్కడే తెలిసిపోతుంది. సీరియల్ పోర్టును నెట్‌వర్క్‌లో అందించే సెర్2నెట్ కూడా మంచిదే. అది వాడితే 127.0.0.1 (బోర్డు తన సొంత అడ్రస్) మీద మాత్రమే వినేలా కట్టు, ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసిన లాగిన్) ద్వారానే చేరు. లేకపోతే నీ కన్సోల్ పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేని టెల్‌నెట్‌లో విప్పి పెట్టినట్టే.

4జీ డాంగిల్‌తో పాటు మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రామ్ వచ్చి కూర్చుంటుంది. కొన్ని వెర్షన్లలో అది సీరియల్ పోర్టు కనబడితే మోడెమేమోనని ఏటీ కమాండ్లు (మోడెమ్‌కు ఇచ్చే ఆదేశాలు) పంపి చూస్తుంది, అవి నీ స్విచ్ లాగిన్ ప్రాంప్ట్‌లో పడతాయి. ఈథర్‌నెట్ కార్డులా కనిపించే డాంగిల్ తీసుకుంటే మోడెమ్‌మేనేజర్ అక్కర్లేదు, తీసేయి. బోర్డులో ఉబుంటు వేసి, సీహెచ్340 కేబుల్ కనిపించకపోతే బీఆర్ఎల్‌టీటీవై అనే బ్రెయిలీ డిస్‌ప్లే ప్యాకేజీ దాన్ని లాక్కుందేమో చూడు.

ఇక నువ్వు హైదరాబాద్ నుంచి బోర్డును చేరే దారి. మన మొబైల్ సిమ్‌లకు సాధారణంగా పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ రాదు, బయటినుంచి బోర్డును పిలవలేవు. బోర్డే బయటికి వచ్చి నీ సర్వర్‌కు వైర్‌గార్డ్ (వీపీఎన్) టన్నెల్ కట్టాలి, దారి మూసుకుపోకుండా పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టు. సర్వర్‌ను పేరుతో కాక ఐపీతో రాయి. చాలామంది జారేది దీని తర్వాతే. బోర్డు ఈథర్‌నెట్ కేబుల్ స్విచ్‌కు తగిలి ఉంటుంది. బ్రాంచ్ ఇంటర్నెట్ పోయినా ఆ లింక్ లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి డిఫాల్ట్ రూట్ (బయటికి వెళ్లే మామూలు దారి) అటే ఉండిపోతుంది, డాంగిల్ బాగానే ఉన్నా టన్నెల్ కదలదు. నీ సర్వర్ ఐపీ ఒక్కదానికి డాంగిల్ మీదుగా స్టాటిక్ రూట్ (మారని దారి) వేయి. లేదా ఈథర్‌నెట్ అసలు తగిలించకు. 9600 వేగమంటే సెకనుకు 960 అక్షరాలే, సిగ్నల్ బలహీనంగా ఉన్నా సరిపోతుంది.

గడియారం సంగతి మరవకు. మోడల్ 5కు ముందు బోర్డులకు సొంత గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక టైమ్ వెనక్కి ఉంటే, వైర్‌గార్డ్ అవతలి కొస పాత టైమ్‌స్టాంప్ చూసి హ్యాండ్‌షేక్‌ను తోసేస్తుంది. బ్యాటరీ గడియారం ఉన్న డీఎస్3231 మాడ్యూల్ తగిలించు. ఎన్‌టీపీ (నెట్‌నుంచి టైమ్ సరిచేసుకునే) ట్రాఫిక్ టన్నెల్ బయటినుంచే వెళ్లేలా చూడు, టన్నెల్ లోపల పెడితే రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి.

మెమరీ కార్డు పాడవకుండా ఓవర్‌లే ఫైల్‌సిస్టమ్ (కార్డు మీద రాయకుండా మార్పులను ర్యామ్‌లో ఉంచేది) ఆన్ చెయ్యి. అప్పుడు లాగ్‌లు ర్యామ్‌లోనే ఉండి రీబూట్‌తో పోతాయి కనుక వాటిని బయటి సిస్‌లాగ్ (లాగ్‌లు దాచే) సర్వర్‌కు పంపు. బోర్డు బిగుసుకుపోతే దాన్ని రీస్టార్ట్ చేసే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ కూడా ఆన్ చెయ్యి, గరిష్ఠం 15 సెకన్లు కాబట్టి 10 పెట్టుకో.

బోర్డు లాగిన్‌కు ఎస్‌ఎస్‌హెచ్ కీ మాత్రమే ఉంచు, ఆఫీసు డైరెక్టరీకి కలపకు. స్విచ్‌లలో కూడా టాకాక్స్ సర్వర్ (లాగిన్‌లు సరిచూసే సర్వర్) అందనప్పుడు పనికొచ్చేలా ఒక లోకల్ యూజర్ ఉండాలి, లేకపోతే కన్సోల్ దాకా వచ్చి గుమ్మంలో ఆగిపోతావు. ఎగ్జెక్ టైమౌట్‌ను (ఖాళీగా ఉన్న సెషన్‌ను స్విచ్ మూసేసే గడువును) సున్నా చేయకు. నువ్వు టన్నెల్ మూసేసినా స్విచ్‌కు తెలియదు, ఎనేబుల్ మోడ్‌లోని (పూర్తి అధికారం ఉన్న) సెషన్ అలాగే ఉండి తర్వాత వచ్చినవాడి చేతికి దొరుకుతుంది. పది నిమిషాలు చాలు.

పాస్‌వర్డ్ రికవరీకి బ్రేక్ సిగ్నల్ (బూట్‌ను మధ్యలో ఆపే సంకేతం) కావాలి. పికోకామ్‌లో కంట్రోల్ ఏ, తర్వాత కంట్రోల్ బ్యాక్‌స్లాష్. మినీకామ్‌లో కంట్రోల్ ఏ, తర్వాత ఎఫ్. కన్‌సర్వర్‌కు వేరే వరస ఉంది. ఏది వాడితే అది ఒక స్విచ్ మీద ముందే పంపి చూసుకో, అన్ని కేబుళ్లూ అన్ని డ్రైవర్లూ దీన్ని సరిగా పంపవు.

బ్రాంచ్‌లో బిగించిన రోజే, పని వేళలు అయ్యాక, వాన్ కేబుల్ (బ్రాంచ్ ఇంటర్నెట్ కేబుల్) పీకించి నీ ఊరినుంచి లోపలికి రా. స్విచ్‌ను రీలోడ్ చేసి మొదటి లైను నుంచి బూట్ కనిపిస్తుందో చూడు. తర్వాత బోర్డు అడాప్టర్ కూడా తీయించి, పది నిమిషాలాగి పెట్టించు. ఎవరి సాయం లేకుండా టన్నెల్ దానంతటదే తిరిగి లేచిందంటేనే ర్యాక్ తలుపు మూయమను.

ఉంటాను.